పూర్తిగా వాలే సీటు

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు దేవుణ్ణి నమ్మడు, జాతకాలను నమ్మడు, లిఫ్టు తయారుచేసిన కంపెనీ ఇచ్చే ధ్రువపత్రాన్ని అసలే నమ్మడు. ఉక్కు తాడును తన వేళ్ళతో తడిమి చూసుకుంటేగాని ఏ లిఫ్టూ జనం ఎక్కడానికి పనికొస్తుందని సంతకం చెయ్యడు. అటువంటి మనిషి క్రెడిట్ కార్డు పాయింట్ల వెంట పడడం చూసి ఆఫీసులో అందరూ ముక్కున వేలేసుకున్నారు. అతని తోడల్లుణ్ణి ఎరిగినవాళ్ళయితే ఆ శ్రమ పడి ఉండేవారు కాదు.

తోడల్లుడు పళ్ళ డాక్టరు. ఒక ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. నడిపిపిల్లను ఇన్‌స్పెక్టరు చేసుకున్నాడు, చిన్నపిల్లను డాక్టరు చేసుకున్నాడు. పెద్దపిల్ల సముద్రాల అవతల స్థిరపడింది. ఆమెకు గుండె ఆపరేషను జరిగాక ఇక విమానం ఎక్కవద్దన్నారు. చూడాలనుకుంటే చెల్లెళ్ళే వెళ్ళాలి. చిన్నామెకు ఏ ఇబ్బందీ లేదు. నడిపామెకు మాత్రం వెన్నులో మరలు బిగించి ఉన్నాయి. గంటసేపు కూర్చుంటే నడుము రాయిలా బిగుసుకుపోతుంది, ఆపైన కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. పగలంతా, రాత్రంతా సాగే ఆ ప్రయాణం ఆమె చెయ్యాలంటే పూర్తిగా వాలే సీటు కావాలి. అది బిజినెస్ క్లాసులో తప్ప లేదు. దాని ధర ఇన్‌స్పెక్టరు జీతానికి అందేది కాదు.

డాక్టరు ఇంట్లో కాఫీలు తాగుతున్న ఒక సాయంకాలం ఆ సంగతి బయటికి వచ్చింది.

"పాయింట్లకిచ్చే సీట్లు విమానానికి నాలుగో ఐదో ఉంటాయి అన్నగారూ. కనపడగానే మా ఇద్దరికీ పట్టేశాను," అన్నాడు డాక్టరు, ఫోను బల్లమీద అందరికీ కనిపించేటట్టు పెడుతూ. "రూపాయి పెట్టలేదంటే నమ్మండి. వదినగారి సంగతి నాకు వదిలెయ్యండి. ఏదో ఒకటి చేద్దాం."

"మీకెందుకండీ ఆ శ్రమ? మాకూ కార్డులున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎందుకు లేవు!" అంది మరదలు. "బావగారి కార్డు ఇంకా కవర్లోంచి బయటికి రాలేదక్కా. ముట్టుకుంటే మైలపడుతుందని కాబోలు."

అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు గాని, ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. డాక్టరు మాటల్లో అతనికి ఎక్కడా తప్పు దొరకలేదు. దొరికి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

ఇంటికి వచ్చాక భార్య మంచంమీద పక్కకు ఒత్తిగిలి, "మరిదిగారు మనస్ఫూర్తిగానే అన్నారండీ. ఎవరి పాయింట్లయితేనేం? నా నడుము అడుగుతుందా ఏమిటి?" అంది.

"నేనడుగుతాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మర్నాటి నుంచి అతను చదవడం మొదలుపెట్టాడు. ఏ విషయంలో దిగినా నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం అతని అలవాటు. బ్యాంకు ఇచ్చే పాయింటు ఆకాశం నుంచి రాలిపడదనీ, దుకాణదారు దగ్గర తీసుకునే రుసుములో ఒక ముక్క అనీ, ఆ రుసుమును దుకాణదారు సరుకు ధరలో కలిపి కార్డు లేనివాడి దగ్గర కూడా వసూలు చేస్తాడనీ మొదటి రోజే తేల్చుకున్నాడు. బాకీ సకాలంలో కట్టలేక వడ్డీ పోసేవాళ్ళ పుణ్యాన సకాలంలో కట్టేవాళ్ళు విమానాలెక్కుతున్నారని కూడా గ్రహించాడు. ఇది న్యాయం కాదని అతనికి తెలుసు. కాని ఆ అన్యాయంలో డాక్టరు వాటా ఎక్కువా, తన వాటా తక్కువా కావడం అతనికి మరింత పెద్ద అన్యాయంగా తోచింది.

ఎందుకు ఎక్కువో కూడా అర్థమైంది. క్లినిక్కుకు కావలసిన కుర్చీలు, ఎక్స్‌రే యంత్రం, పళ్ళలో నింపే సిమెంటు, చేతి తొడుగులు అన్నీ డాక్టరు కార్డుమీదే కొంటాడు. ఊళ్ళో ఎవడి పన్ను పుచ్చినా ఆ పుప్పి తిన్నగా డాక్టరు ఖాతాలో పాయింట్లై కూర్చుంటుంది. ఆఫీసులో గుమాస్తా దవడ పట్టుకుని కనిపిస్తే ఇన్‌స్పెక్టరు, "కాస్త ఉప్పునీళ్ళు పుక్కిలించండి, అదే తగ్గిపోతుంది. డాక్టరు దాకా ఎందుకు?" అన్నాడు. గుమాస్తా దాన్ని సానుభూతి అనుకున్నాడు.

జీతగాడు త్వరగా పాయింట్లు పోగుచేసే దారి ఒక్కటే కనిపించింది: కొత్త కార్డు. తీసుకున్న మూడు నెలల్లో ఇంత మొత్తం ఖర్చు చేస్తే స్వాగత బోనసుగా లక్ష పాయింట్లు. ఆ లక్షకు చిల్లర మల్లర కొనుగోళ్ళ పాయింట్లు చేరితే ఒక సీటు. డాక్టరు అప్పటికే ఒక లింకు పంపి ఉన్నాడు. దాని ద్వారా దరఖాస్తు చేస్తే బోనసు మరికొంత పెరుగుతుంది. ఇన్‌స్పెక్టరు దాన్ని తెరిచి చివరిదాకా చదివాడు. పంపిన మిత్రుడికి కూడా కొన్ని పాయింట్లు జమ అవుతాయని అడుగున రాసి ఉంది. అతను లింకు మూసేసి బ్యాంకుకు నేరుగా దరఖాస్తు పెట్టుకున్నాడు. తనకు తగ్గినా ఫరవాలేదు, అక్కడ పెరగకూడదు.

కార్డు వచ్చింది. ఏడాది ఇన్సూరెన్సు దానిమీదే కట్టాడు. పక్కింటి టీచరమ్మ ఇంటి పన్ను, పైవాటా వాళ్ళ కరెంటు బిల్లు తన కార్డుతో కట్టి, వాళ్ళ దగ్గర నగదు పుచ్చుకున్నాడు. మామూలుగా కొనే బియ్యం సబ్బులు కూడా బ్యాంకువారి సొంత వెబ్‌సైటు ద్వారా కొన్నాడు, అక్కడ రెట్టింపు ఇస్తారని. ఆఫీసులో అతనికి "గీకుడు సారు" అని పేరు పడిపోయింది.

"సార్, మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. ఒకసారి గీకుతారా?" అని గుమాస్తా నవ్వకుండా అడిగాడు.

"ఎంత?"

"హాస్యానికన్నాను సార్!"

"నేను హాస్యానికి అడగలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కార్డు తీస్తూ.

ఇన్ని చేసినా గడువు దగ్గర పడేసరికి మొత్తం చేరలేదు. ఇంకా ఎవరి బిల్లూ మిగల్లేదు. అప్పుడతనికి తన వృత్తిలోని ఒక పద్ధతి గుర్తొచ్చింది. కొత్త లిఫ్టును పరీక్షించేటప్పుడు అందులో నిండా ఇనుప దిమ్మలు పేర్చి పై అంతస్తు దాకా నడిపిస్తారు. బ్రేకు పట్టిందని రూఢి అయ్యాక దిమ్మలు దించేస్తారు, ఇన్‌స్పెక్టరు సంతకం పెడతాడు. దిమ్మలు దించేశారు గనుక సంతకం చెల్లదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఖర్చు పరిమితి కూడా అటువంటి పరీక్షే గదా అనుకున్నాడు. బరువు ఎక్కించాలి, అవతలివాడు చూసుకోవాలి, దించెయ్యాలి.

డబ్బా విప్పకుండా నెలలోపు తిరిగిచ్చేస్తే మొత్తం సొమ్ము వాపసు ఇచ్చే దుకాణంలో అతను ఒక పెద్ద ఫ్రిజ్జు, ఒక బట్టలుతికే యంత్రం కొన్నాడు. రెండు అట్టపెట్టెలూ ముందుగదిని ఆక్రమించుకున్నాయి. వాటి మధ్య నుంచి నడుము పట్టుకుని ఓరగా నడుస్తూ భార్య అడిగింది:

"ఉన్న ఫ్రిజ్జు బాగానే ఉందిగా. ఇదెందుకండీ?"

"ఇది మనకు కాదు. బ్యాంకుకి."

"బ్యాంకువాళ్ళు మనింట్లో ఫ్రిజ్జు పెట్టుకుంటారా?"

"కొన్నాళ్ళు."

బోనసు పడింది. ఫోనులో ఆ అంకె చూసినప్పుడు ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మరదలు వెళ్ళే విమానంలోనే, ఆమె వరుసలోనే, ఒక సీటు ఖాళీగా కనిపిస్తోంది. వేలితో నొక్కితే చాలు. అతను నొక్కలేదు. ఆదివారం డాక్టరు దంపతులు భోజనానికి వస్తున్నారు. అప్పుడు, బల్లదగ్గర, అందరూ చూస్తుండగా, ఇలా ఫోను మధ్యలో పెట్టి నొక్కాలి. ఆ ముచ్చట కోసం అతను ఆగాడు. ఈలోగా వాపసు గడువు ముగియబోతోందని శనివారం దుకాణంవాళ్ళను పిలిపించి అట్టపెట్టెలు రెండూ పంపేశాడు.

ఆదివారం భోజనాలయ్యాయి. ఇన్‌స్పెక్టరు ఫోను బల్లమీద పెట్టి, గొంతు సవరించుకుని, "డాక్టరుగారూ, ఒకసారి ఇటు చూడండి," అన్నాడు.

డాక్టరు చూశాడు. ఇన్‌స్పెక్టరు కూడా చూశాడు. లక్ష లేదు. బిల్లులు కట్టగా వచ్చిన కొద్దిపాటి పాయింట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఏదైనా పెద్ద వస్తువు వెనక్కి ఇచ్చేశారా అన్నగారూ?" డాక్టరు గొంతు మెత్తగా ఉంది, నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నవాణ్ణి నొప్పి ఎక్కడని అడిగే గొంతు. "అదీ సంగతి. వెనక్కి ఇస్తే ఆ ఖర్చు జరగనట్టే లెక్క. పరిమితి దాటనట్టే. బోనసు లాగేసుకుంటారు. సీటు తీసుకున్నాక ఇచ్చినా ఖాతాలో బాకీ చూపిస్తారు."

"అది ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరు అడిగితే ఆయన చెప్పేవారు బావగారూ," అంది మరదలు.

ఇన్‌స్పెక్టరు భార్య కుర్చీలోంచి మెల్లగా లేచి, వెన్ను గోడకు ఆనించి నిలబడింది. అప్పటికే చాలాసేపు కూర్చుంది.

"మరిదిగారూ, మీరు ఆ రోజు ఏదో ఒకటి చేద్దామన్నారు. ఇంకా వీలవుతుందా?" అంది. భర్త వైపు చూడకుండానే అడిగింది. "నాకు అక్కని చూడాలనుందండీ. ఎవరి చెయ్యి మీదుగా వెళ్ళానన్నది వచ్చాక ఆలోచిస్తాను."

"వీలు కాకేం వదినగారూ! నాది రద్దు చేస్తే పాయింట్లు వెనక్కొస్తాయి. ఆ సీటే మీ పేర తీసుకోవచ్చు."

"మీదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"క్లినిక్కులో పనుంది లెండి," అన్నాడు డాక్టరు. అతని భార్య కిటికీ వైపు తల తిప్పుకున్న తీరు చూస్తే ఆ పని ఈ క్షణమే పుట్టిందని తెలిసిపోతోంది. డాక్టరు దగ్గర పాయింట్లు గుట్టలుగా మూలుగుతున్నాయని ఇన్‌స్పెక్టరు ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఉన్నవి ఆ రెండు సీట్లే. అందులో ఒకదాన్ని ఆ మనిషి, గిన్నె ఇటు జరిపినంత తేలిగ్గా ఇచ్చేస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు ఇంతవరకూ అతని పాయింట్లకు కుళ్ళుకున్నాడు. ఇప్పుడు ఆ తేలికదనానికి కుళ్ళుకున్నాడు. దీనితో పోలిస్తే మొదటిది పంటినొప్పిలా చిన్నది.

"ఒక చిక్కుంది," అన్నాడు డాక్టరు. "పాయింట్ల సీట్లు ఇప్పుడు ఇంకేవీ ఖాళీ లేవు. రద్దు చేశాక నా సీటు మళ్ళీ పాయింట్లకే వదులుతారని హామీ లేదు. వదిలినా మనకంటే ముందు ఇంకెవరైనా నొక్కొచ్చు." చెప్పి, ఎవరినీ అడక్కుండా నొక్కేశాడు.

తెరమీద సీటు మాయమైంది. డాక్టరు మళ్ళీ వెతికాడు. లేదు. మళ్ళీ వెతికాడు. మరదలు అక్క చెయ్యి పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు తెరవైపే చూస్తున్నాడు. రాకపోతే బాగుండునని అతని మనసులో ఒక ఆలోచన మెరిసింది. భార్య నడుము, ఆమె అక్క, ఇన్నేళ్ళ ఎడబాటు అన్నీ ఎదురుగా కనిపిస్తూ ఉండగానే మెరిసింది. ఆ సీటు రాకపోతే డాక్టరు కూడా చెయ్యలేకపోయాడవుతుంది. ఇద్దరూ సమానమవుతారు. ఆ ఆలోచన ఎంతోసేపు నిలవలేదు గాని, వచ్చినమాట నిజం. లోపం కనిపించాక కనిపించలేదని రాసే అలవాటు అతనికి లేదు.

"వచ్చింది!" అంది మరదలు. "నొక్కండి, నొక్కండి!"

"వదినగారి పాస్‌పోర్టు నంబరు?"

ఎవరికీ గుర్తులేదు. ఇన్‌స్పెక్టరుకు గుర్తుంది. ఆమె పేరున సీటు తీసుకోబోయే ఆ క్షణం కోసం కంఠస్థం చేసి పెట్టుకున్నాడు. ఒక్కొక్క అంకే చెప్పాడు. డాక్టరు ఒక్కొక్క అంకే కొట్టాడు.

ప్రయాణం రోజున అక్కచెల్లెళ్ళు లోపలికి వెళ్ళిపోయాక తోడల్లుళ్ళిద్దరూ విమానాశ్రయం బయట, వరసగా ఆగి ఉన్న ట్యాక్సీల పక్కన నిలబడ్డారు. ఇద్దరికీ ఇంటికి వెళ్ళి చేసే పనేమీ లేదు. ఎండ చురుక్కుమంటోంది. డాక్టరు తన భార్యకు ఫోను చేస్తున్నాడు, ఆమె తీయడం లేదు. ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది.

"ఏమండీ," అంది భార్య. వెనకాల మరదలి నవ్వు వినిపిస్తోంది. "సీటు మంచంలాగా పూర్తిగా వాలిపోతోందండీ. ఇంకా విమానం కదలనే లేదు, వెంటనే నిలబెట్టమంటున్నారు. ఒక్క నిమిషమే పడుకున్నాను. ఆపరేషను అయ్యాక ఇంత హాయిగా ఎప్పుడూ పడుకోలేదు. మీరు ఉండుంటే బాగుండేది."

"జాగ్రత్త. దిగాక ఫోన్ చెయ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. హాయిగా పడుకున్నానని ఆమె అనే ఆ ఒక్క మాట వినడానికే అతను మూడు నెలలు ఊరందరి బిల్లులూ కట్టాడు. విన్నాడు.

"వదినగారేనా?" డాక్టరు ఆత్రంగా దగ్గరికి వచ్చాడు. ఆ ముఖంలో గొప్ప లేదు, ఎత్తిపొడుపు లేదు. తాను ఇచ్చిన వస్తువు అవతలివారికి నచ్చిందో లేదోనన్న చిన్నపిల్లవాడి బెంగ ఉంది. "సీటెలా ఉందన్నారు? నడుముకు సుఖంగా ఉందా?"

ఇన్‌స్పెక్టరు ఫోను జేబులో పెట్టుకుని, జేబు పైనుంచి ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"ఫరవాలేదంది," అన్నాడు.