పశుపతి వీధిలో మగ్గం చప్పుడు

అత్త తప్పిపోయిన రోజు పొద్దున వెంకటనర్సమ్మ సత్రం వెనక తడి కట్టెలతో పొయ్యి ఊదుతోంది. సొంతూరు మక్తల్‌లో ఊదింది, కాశీలో ఊదింది, శివరాత్రికని నేపాళదేశం వచ్చినా అదే పని.

ఈ యాత్రలో సవ్యంగా జరిగింది లేదు. రక్సౌలులో రైలు దిగేసరికి దుప్పట్ల మూట మాయమైంది. కొండలెక్కే లారీలో భర్త ధర్మయ్య దారి పొడుగునా వాంతులు చేసుకున్నాడు. వానకు జొన్నపిండి ముద్దయింది. అన్నిటికీ ఆయన మాట ఒకటే: "నువ్వు జర చూసుకోవాలె గద." పశుపతినాథుని గుడి దగ్గరి గుంపులో తల్లి మల్లమ్మను పోగొట్టుకుని, ఒక్కడే తిరిగొచ్చి అన్న మాట కూడా అదే.

"ఆమె చెయ్యి పట్టుకున్నది నువ్వు గదా?" అంది నర్సమ్మ.

"నువ్వు ఎంట ఉంటే గిట్లయితుండెనా?"

"నేనెంటొస్తే నీకు బువ్వెవరొండుదురు?"

ఆయన పోలీసుల దగ్గరికి పరిగెత్తాడు. ఆమె కుండ దించి గుడి వెనక వీధుల్లోకి నడిచింది. భాష రాదు. నడుము వంచి, చేతికర్ర పట్టినట్టు చూపించి అడిగితే కొందరు నవ్వారు, కొందరు తలో వైపు చూపించారు. భయంతో పాటు పాత కోపమూ ఆమె వెంట నడిచింది. కాపురానికొచ్చిన నాటినుంచి నూలుకు రంగులద్దింది, గంజి పెట్టింది, నాడెలో పెట్టే కండెలు చుట్టింది. బజార్లో మాత్రం అది ధర్మయ్య నేత. ఒకసారి తెగిన పోగు అతకబోయి, నేసేవాళ్లు కాళ్లు దించి కూచునే మగ్గం గుంటలో కాలు పెడితే, "ఆడిది గుంటల దిగితే ఇంటికి అరిష్టమే!" అని అత్త అక్కడంతా పసుపునీళ్లు చల్లింది. ఆ నీళ్లు తన మొహం మీద పడ్డట్టే ఉంది నర్సమ్మకు ఇప్పటికీ.

సందు మలుపులో మగ్గం చప్పుడు వినిపించి ఆగిపోయింది. భాష తెలియని చోట దారి తప్పితే తానెటు పోతుంది? ఈ చప్పుడు వైపే గదా.

తల వంచి లోపలికి పోయింది. ఆ ఇంటావిడ నేల మీద కూచుని మురిపెంగా చూస్తోంది. మగ్గం మీద మల్లమ్మ ఉంది.

"అత్తా!"

"మగ్గం ఇనపడితే మనోళ్ల ఇల్లనుకున్న పిల్లా. నీళ్లడుగుదామని వస్తి. చూస్తే ఈడ ఆడోళ్లే నేస్తున్నరు."

మాట్లాడుతున్నా చెయ్యి ఆగలేదు. అంచు ఎక్కడా వంకర పోలేదు. అది కొత్త చెయ్యి కాదు.

"నీకెట్లొచ్చు అత్తా?"

"నువ్వు కాపురానికి రాకముందు, మీ మామకు కండ్లు మసకబడ్డంక నేసిందెవరనుకున్నవ్? తలుపేసుకొని నేస్తుంటి. పేరు ఆయనది."

"మరి నన్నెందుకు కూసోనియ్యలే?"

పోగుల నడుమ అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆగింది. "నేను దొంగతనంగ నేసిన. నువ్వు తలుపు తీసి నేస్తవని భయమయ్యింది."

కోప్పడదామనుకున్న నర్సమ్మ ఆ అంచును వేలితో తడిమి చూసింది. ఆమెకు గర్వమనిపించింది. మగ్గం మీదున్నవి తన ఇంటి చేతులు.

సత్రంలో ధర్మయ్య తల్లిని చూసి ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని పొయ్యి వైపు చూశాడు.

"బువ్వ సంగతి అటెన్క," అంది మల్లమ్మ. "ఇంటికి పోయినంక గుంటల నర్సమ్మ కూసుంటది. కండెలు నేను చుడ్త."

"మనోళ్లు నవ్వుతరమ్మా."

"నవ్వనీ. మీ నాయిన పేరు మీద అమ్మిన చీరలు ఎవలు నేసిన్రో అప్పుడు చెప్త."

అన్నట్టే ఊళ్లో వీధి తలుపు తెరిచి నర్సమ్మ గుంటలో దిగింది. చూడవచ్చిన వాళ్లు చూశారు, మొహం తిప్పుకున్న వాళ్లు తిప్పుకున్నారు. గడపలో రాట్నం వేసుకుని కూచున్న మల్లమ్మ ఎవరికీ జవాబు బాకీ పెట్టలేదు.

వానాకాలం జ్వరం ఆమెను తీసుకుపోయింది. దినాలు అయిన మర్నాడు నర్సమ్మ మళ్లీ మగ్గం ముందు కూచుంది. అత్త చుట్టి పెట్టిన కండెలు అయిపోయాయి. చీరకు కొంగు ఇంకా నేయాలి.