వెల్వెట్ కుర్చీ పాపం

జయమణి ఎయిర్ కూలర్ పక్క తలుపు ఊడబీకి, గడ్డి దులిపి, రెండు స్టూళ్ళ మధ్య నిలబెట్టింది. ఇవతల తను కూర్చుంది. అవతల పదో తరగతి బెన్ని మోకరించాడు.

"ఇప్పుడు నేను ఫాదర్‌ని, నువ్వు పాపం ఒప్పుకోడానికొచ్చిన పాపివి. నిజం పాపాలొద్దు, ఏదో ఒకటి కల్పించి చెప్పు."

"నిజంది చెబితే ఏమవుద్ది టీచర్?"

"ఏం కాదు. ఇక్కడ చెప్పింది ఇక్కడే చచ్చిపోద్ది. పీక మీద కత్తి పెట్టినా ఫాదర్ బయటికి చెప్పకూడదు. అదే మొదటి పాఠం."

మంచం మీద కూర్చున్న ఆమె కూతురు క్రిస్టీ కిసుక్కుమంది.

జయమణి నందిగామలో ఒక ప్రైవేటు బడి టీచరు. భద్రమైన అభ్యంగనం, అదే కన్ఫర్మేషన్, తీసుకోబోయే పెద్దపిల్లలకు వచ్చే ఆదివారం నుంచి ఆమె సత్యోపదేశం పాఠాలు చెప్పాలి. ఆ క్లాసు కోసం ఏళ్ళ తరబడి పోట్లాడింది. అంతకుముందు విజయవాడ నుంచి ఒక బ్రదర్ వచ్చి పుస్తకం చదివేవాడు. పిల్లలు చాప కింద ఫోన్లు పెట్టుకుని ఆమెన్ అనేవాళ్ళు. సగంమంది రావడమే మానేశారు. మానరా మరి? చేసి చూపిస్తేనే బుర్రకెక్కుతుందని జయమణి వాదం. అందుకే ఈ కూలర్ తలుపు, ఈ బెన్ని.

బెన్ని గొంతు సవరించుకున్నాడు. "ఫాదర్, నన్ను ఆశీర్వదించండి, పాపం చేశాను. గుళ్ళో పెద్దాయన కుర్చీ దాచేశా."

జయమణి ఉలిక్కిపడింది.

గుళ్ళో ఊరంతా చాపల మీదే కూర్చుంటుంది. మోకాళ్ళు అరిగిన ముసలమ్మలు కూడా గోడకు చేరగిలబడతారు. ఒక్క వరప్రసాదరావు మాత్రం అందరి ముందు ఎర్ర వెల్వెట్ కుర్చీలో కూర్చుంటాడు. ఆయన విచారణ సంఘం పెద్ద, అంటే గుడి కమిటీకి పెద్ద, జగ్గయ్యపేటలో కాంట్రాక్టరు. గుడికి టైల్స్ వేయించాడు. ఇచ్చింది దేవుడికి, కూర్చున్నది తను. పోయిన ఆదివారం ఆ కుర్చీ మాయమైంది.

"ఎక్కడ పెట్టావురా సన్నాసీ?"

"ఫాదర్ అట్టా తిట్టకూడదు టీచర్."

"ఇంతకీ నిజమా, కల్పించావా?"

"అది కూడా ఇక్కడే చచ్చిపోద్దిగా టీచర్."

"నువ్వే చెప్పావుగా మమ్మీ" అని క్రిస్టీ వంత పాడింది.

ఆ క్రిస్టీయే తెల్లారేసరికి గుడి వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది: 'కూలర్ తలుపు కన్ఫెషన్‌లో చెప్పేశాడు. దొంగ ఎవరో మా మమ్మీకి తెలుసు.' అది చూసి ఫాదర్ రత్నబాబు జయమణికి కబురు పెట్టాడు. ఆమె వెళ్ళేసరికి ఆయన వరండాలో, పక్కనే వరప్రసాదరావు. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"పేరు చెప్పమ్మా, కేసుల దాకా ఎందుకు" అన్నాడు పెద్దాయన.

"చెప్పనండి."

"జయమణీ, నువ్వు ఫాదర్‌వి కాదు. కూలర్ తలుపు దగ్గర చెప్పుకుంటే అది నిజం కన్ఫెషన్ కాదు. చెప్పొచ్చు" అన్నాడు ఫాదర్.

"చెప్పొచ్చు ఫాదర్‌గారూ. ఇంతవరకూ పిల్లలకి నేర్పింది ఒక్క ముక్క. అది నేనే తప్పితే, రేపు మీ ముందు ఎవడు మోకరిస్తాడు?"

"చూశారా! ఈవిడకి క్లాసిస్తే దొంగల్ని తయారుచేస్తది. ఆ బ్రదర్నే పిలిపించండి" అని ఎగిరాడు పెద్దాయన.

ఫాదర్ నుదురు రుద్దుకున్నాడు. "ఆదివారం లోపు పేరు చెప్పు. లేకపోతే క్లాసు బ్రదర్‌దే."

జయమణికి ఒళ్ళు మండింది. "మీరు పాపాలు వినేది ఈ వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో. గిన్నెలు తోమే ఆవిడకి ఊరి పాపాలన్నీ కంఠతా వచ్చు. గుళ్ళో కన్ఫెషన్ పెట్టె ఉంది. మీరొచ్చాక ఒక్కసారన్నా తెరిచారా? రహస్యమంటే ఏంటో పిల్లలు ఎక్కడ చూశారని?"

ఫాదర్ చెవులు ఎర్రబడ్డాయి. "సరే. శనివారం పెట్టెలోనే కూర్చుంటా. ఆ దొంగ నా దగ్గరే చెప్పుకుంటాడు."

"అందరికీ ఆదర్శంగా మొదట నేనొస్తా" అన్నాడు పెద్దాయన.

శనివారం సాయంత్రం పిల్లలు చాప మీద వరసగా కూర్చున్నారు. బెన్నికి చెమటలు కారుతున్నాయి.

"ఏంట్రా?" అంది జయమణి.

"ఏం లేదు టీచర్" అన్నాడు, పెట్టె మీంచి చూపు తిప్పకుండా.

ఫాదర్ చీపురుతో పెట్టె మీది బూజు దులిపాడు. బిగుసుకుపోయిన తలుపును గట్టిగా గుంజాడు. తెరుచుకుంది. లోపలికి చూసి అలాగే నిలబడిపోయాడు. జనానికి కనబడింది ఆయన వీపొక్కటే. ఆ వీపు ఒకసారి కదిలింది, నవ్వు ఆపుకున్నట్టు. తర్వాత ఆయన లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. మెత్తటి దిండు ఉస్సురన్న చప్పుడు.

క్రిస్టీ కళ్ళు పెద్దవయ్యాయి. "మమ్మీ, కుర్చీ..."

"నోర్ముయ్" అంది జయమణి.

వరప్రసాదరావు పెట్టె పక్కనున్న జాలీ కిటికీ ఇవతల, తను వేయించిన టైల్స్ మీద మోకరించాడు. మోకాళ్ళు టపటపమన్నాయి.

"ఇంకా వంగండి, వినబడట్లేదు" అంది లోపలి గొంతు.

చాలాసేపు పట్టింది. గోడ పక్క ముసలమ్మలు ఆయన మోకాళ్ళకేసి ముచ్చటగా చూశారు. చివరికి గోడ పట్టుకుని లేచాడు. "నా కుర్చీ సంగతేమన్నా తెలిసిందా ఫాదర్‌గారూ?"

"ఈ పెట్టెలో తెలిసింది బయటికి చెప్పకూడదు వరప్రసాదరావుగారూ. తర్వాతి వాళ్ళు రండి."

బెన్ని లేచి వెళ్ళాడు. వచ్చేటప్పుడు పళ్ళన్నీ బయటపెట్టుకుని వచ్చాడు.

అందరూ వెళ్ళాక కూడా ఫాదర్ లేవలేదు. లోపల్నుంచే కేకేశాడు. "జయమణీ, రేపు క్లాసు నీదే. పాఠమేంటి?"

"ఏడో ఆజ్ఞ, ఫాదర్‌గారూ. దొంగిలింపకుము."

దిండు మళ్ళీ ఉస్సురంది.

"దానికేం తొందర? ముందు మోకరించడం బాగా నేర్పు."