బెత్తెడు ఎత్తు

బోగోలు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఉన్న ఆ కాలేజీలో, ప్రతి నెలా మొదటి సోమవారం అటెండరు అంకాలమ్మ స్టాఫ్ రూము ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆ తర్వాత లెక్చరర్ల కుర్చీలు చేత్తో కొలుస్తుంది. ఎవరిదైనా వ్యాసం అచ్చయితే వాళ్ల కుర్చీ ఒక వేలు మందం పెరుగుతుంది. పుస్తకం వస్తే బెత్తెడు. తెలుగు చెప్పే రోజారమణి ఈమధ్య పీట వేసుకుని గానీ తన కుర్చీ ఎక్కలేకపోతోంది. ఇంకో పుస్తకం రాస్తే ఫ్యాను ఎత్తించాలని ప్రిన్సిపాల్ సంజీవరావు గారు కరెంటు పనివాడికి ముందే చెప్పి ఉంచారు.

కుర్చీ దిగడం మాత్రం ఒక్కసారే జరిగింది. చరిత్ర చెప్పిన కామాక్షయ్య గారు ఫలానా వ్యాసం తనది కాదని ఒప్పుకున్న రోజు దిగింది. తన గొప్పని తనే కొట్టివేసుకుంటే తప్ప అక్కడ ఏ కుర్చీ దిగదు.

జువాలజీ సుశీల్ కుమార్ కుర్చీ ఇరవై రెండేళ్లుగా కొన్ననాటి ఎత్తులోనే ఉండేది. ఆ రేవులో అతనికి తెలియని చేప లేదు. రాయమంటే మాత్రం ఎవరో తప్పు పడతారని భయం. అందుకని రాసేవాళ్లని చూస్తే ఒళ్లు మండేది. అందులోనూ రోజారమణి అంటే మరీ. చేపల వేట చేసుకునే ఇంట్లో పుట్టిన పిల్ల, తనకంటే పదేళ్లు చిన్నది, టీ తాగుతూ 'సార్, మావాళ్లు ఈ చేపని ఇట్లంటారు, మీ శాస్త్రంలో ఏమంటారు?' అని రెండేళ్లపాటు అమాయకంగా అడిగింది. అతను గొప్పగా చెప్పాడు. తీరా చూస్తే జూన్‌లో 'వలలో పేర్లు' అని పుస్తకం వేసింది!

సన్మానం రోజు సుశీల్ కుమార్‌కి జ్వరం వచ్చింది. అంటే, వచ్చిందని చెప్పాడు. మర్నాడు ఆమె రంగు కాగితం చుట్టిన పుస్తకం చేతికిచ్చి, "లోపల చూడండి సార్" అంది. విప్పకుండానే సొరుగులో పడేశాడు. ఎవరైనా ఆ పుస్తకం మాటెత్తితే హాజరు పట్టీ పట్టుకుని క్లాసుకి వెళ్లిపోయేవాడు. ఇద్దరు ముగ్గురు "మీకూ అభినందనలు సార్" అంటే వెక్కిరిస్తున్నారని కుమిలిపోయాడు. ఆ రోజుల్లోనే కూర్చుంటే కాళ్లు నేలకి ఆనకపోవడంతో చెప్పులు అరిగిపోయాయనుకుని, కావలి వెళ్లి మందమైనవి కొనుక్కున్నాడు.

ఇంతలో కాలేజీకి పరిశోధన కేంద్రం మంజూరైంది. ఆ ఏడాది అచ్చయిన రచనల జాబితాలో పుస్తకం ఉన్నవాళ్లలో సీనియర్ దానికి అధిపతి. ఎవరికీ పుస్తకం లేకపోతే కాలేజీ మొత్తంలో సీనియర్, అంటే సుశీల్ కుమార్. ఆ జాబితా తయారు చేసేదీ అతనే. శుక్రవారం టైపు చేస్తూ రోజారమణి పేరు దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఆ వరస తీసేశాడు. ప్రిన్సిపాల్ గారికి సంతకం పెట్టే అలవాటే గానీ చదివే అలవాటు లేదు. జాబితా సాయంత్రానికల్లా కేంద్రం మంజూరు చేసిన కమిటీకి వెళ్లిపోయింది. ఆదివారం చర్చిలో అతను కళ్లు మూసుకుని, కేంద్రం తలుపు మీద తన పేరున్న ఇత్తడి పలక చూసుకున్నాడు.

సోమవారం వచ్చి కూర్చోబోతే కుర్చీ అందలేదు. దబ్బున కూలబడ్డాడు.

అంకాలమ్మ చెయ్యి ఆనించి చూసింది. "బెత్తెడు దిగిపోయినాదే సార్!"

"నాది ఎప్పుడు పెరిగిందని దిగడానికి?"

"జూన్‌లో పెరిగినాది గదా. రోజారమణమ్మది, మీది ఒక్కరోజే పెరిగినాయి. మీకు తెలిసే ఉంటాదనుకున్నా."

బెత్తెడంటే పుస్తకం. దిగిందంటే తనే కొట్టివేసుకున్నాడు. సుశీల్ కుమార్ సొరుగు లాగి రంగు కాగితం చింపాడు. అట్ట మీద ఆమె పేరే ఉంది. లోపలి పేజీలో ఆమె పేరు కింద, అంతే పెద్ద అక్షరాల్లో, 'సహ రచయిత: జి. సుశీల్ కుమార్' అని ఉంది. ప్రతి చేప పక్కనా అతను చెప్పిన మాట అతను చెప్పినట్టే ఉంది.

ఆ వరస తీసేయకుండా ఉంటే, పుస్తకం ఉన్న ఇద్దరిలో సీనియర్‌గా పదవి న్యాయంగానే అతనిది. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది. వెళ్లి ప్రిన్సిపాల్ గారికి జరిగింది చెప్పాడు.

"తప్పు చేసినవాళ్లే సంజాయిషీ రాయాల. లేకపోతే కమిటీ మార్చదు. ఏమీ రాయకపోతే పదవి మీకే వస్తాది, అది కూడా చెప్తుండా" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

సుశీల్ కుమార్ 'పొరపాటున వదిలేశాను' అని రాసి చాలాసేపు చూశాడు. ఆ కాగితం చింపేసి ఇంకో కాగితం మీద 'ఓర్వలేక వదిలేశాను' అని రాసి సంతకం పెట్టాడు. దాన్ని ముందు రోజారమణికి చూపించాడు.

ఆమె ఎత్తు కుర్చీలోంచి వంగి అందుకుని చదివింది. "ఒక్కసారి విప్పి చూసుంటే సరిపొయ్యేది గదా సార్" అంది. నెల రోజులు మళ్లీ మాట్లాడలేదు.

కమిటీ వాళ్లు జాబితా సరిచేసి, అతన్ని పక్కన పెట్టి, కేంద్రం రోజారమణికి ఇచ్చారు. ఇత్తడి పలక మీద ఆమె పేరు చూసినప్పుడల్లా సుశీల్ కుమార్‌కి కడుపులో మండుతూనే ఉంది. అది ఒక్క నెలలో పోయేది కాదు.

మళ్లీ నెల మొదటి సోమవారం వచ్చింది. అతను కూర్చుని కాళ్లు చాపితే పాదాలు గాల్లో ఆడాయి. అంకాలమ్మ వంగి చెయ్యి ఆనించింది.

"బెత్తెడు సార్, సరిగ్గా బెత్తెడు. మళ్లీ పొయ్యి చెప్పులు కొనబాకండి."