జడ్డిగం పట్టిన చేయి

ఇలా దగ్గరికి జరిగి కూర్చో బిందూ, కల చెదిరిపోకముందే చెప్పేస్తాను. మన చేనులోనే ఉన్నాను, కానీ చేనుకు గట్లు లేవు, గొడ్లకొట్టం గోడలు నడుచుకుంటూ పక్కకు పోతున్నాయి, సూర్యుడు లేడు గానీ ఎండ ఉంది, ఆ ఎండలో మా అత్త ఓబులమ్మ, పోయి ఇరవై రెండేళ్ళయిన మనిషి, మీ నాయన పొద్దున కట్టెల్లో పారేసిన జడ్డిగాన్ని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడుస్తోంది. జడ్డిగమంటే విత్తనం వేసే గొర్రు మీద నిలిపే కొయ్యగిన్నె. మగవాడు ఎద్దుల్ని తోలుతుంటే ఆడమనిషి వెనక నడుస్తూ పిడికిట్లోంచి గింజలు అందులోకి జారవిడవాలి, చేయి తడబడితే సాలంతా బోసిపోతుంది.

"ఏమ్మే లింగీ, చేనమ్ముతాండారంట," అంటుంది అత్త, నన్ను చూడకుండానే.

"రేపే రిజిస్ట్రేషన్. కొనేటోళ్ళకి నీ మనవడేం చెప్పినాడో ఇన్నావా? ఇదంతా మా నాయన చేతి చేను అన్నాడు. నేను ఆడనే నిలబడుండా, కసువు మాదిరి."

అత్త నవ్వుతుంది, నవ్వేకొద్దీ ఆమె వయసు తగ్గిపోతుంది, నేను కాపురానికి వచ్చిన నాటి మనిషవుతుంది, గాజుల్లేని చేతులతో ఇసుక తీసి నా పిడికిట్లో పోస్తుంది, మొగుడు పోయిన ఆడది విత్తనం ముట్టకూడదని ఊరి కట్టు కాబట్టి నాకు విత్తడం ఇసుకతోనే నేర్పింది. నేర్చుకున్నాను, పంతొమ్మిదేళ్ళు విత్తాను, ఒక్క సాలూ బోసిపోలేదు, ఆ తర్వాత మీ తాత పోయాడు, ఆ ఏడు తొలకరికి విత్తనాల ఒడి నడుముకు కట్టుకుని చేనికి వచ్చాను.

"ఆ ఒడి ముడి ఇప్పింది నువ్వే గదా అత్తా," అంటాను, నా గొంతు కొట్టమంతా తిరిగి మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. "ఇరుగుపొరుగు గాదు, నువ్వు. నేర్పిన చెయ్యే గుంజుకున్యాది. ఆ పొద్దు నా తోడికోడలు సంజమ్మతో గింజలు పోయించినావు. సగం చేను గొర్రెలు మేసినట్ల మొలిచె. అయినా నాదే పాపిష్టి చెయ్యి."

"ఊరంతా సూస్తాండె."

"ఊరొచ్చి కలుపు తీసినాదా?"

కొట్టం గోడ తిరిగి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడుతుంది, అవతలి నుంచి అత్త గొంతు వస్తుంది, ఈసారి అందులో నాకంటే ఎక్కువ కోపం.

"నేను ఇప్పితే నువ్వెందుకు ఇప్పనిచ్చినావే? నా అత్త కాడ నేను తలకాయ ఒంచుకున్యా. నీది మొండి మెడ, ఒంగదనుకున్యా. ఒక్కసారి నా చెయ్యి ఇసిరికొట్టుంటే ఇడిసిపెట్టుందునే."

"ఆ మాట బతికుండగా చెప్పడానికి నోట్లో ముల్లుండెనా?"

"ఉండె," అంటుంది అత్త.

గోడ అవతల గింజలు రాలుతున్న చప్పుడు మొదలవుతుంది, ఇసుక కాదు, గింజలే, ఆమే విత్తుతోంది, చూడాలని నేను గోడ వెంబడి పరిగెత్తుతుంటాను, గోడ ఎంతకీ అయిపోదు.

మెలకువ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం, చేనులోని కొట్టంలో గోతాల మీద ఒరిగి ఉన్నాను. మీ నాయన చివరి వేరుశనగ విత్తనాల సంచిని ట్రాక్టరు దాకా ఈడ్చుకుపోయాడు. సంచికి ఎలుక కొరికిన కన్నముంది. వాకిలి పొడవునా గింజల వరుస, వంకరటింకరగా. మీ అమ్మ చీపురు తెచ్చింది. ముట్టొద్దన్నాను. కాలితో మన్ను కప్పుకుంటూ ఆ చివరి దాకా పోయాను, ఎవరూ అడ్డం రాలేదు.

మొలుస్తాయో, కొన్నవాళ్ళు తొక్కేస్తారో నాకు తెలియదు. నువ్వు మాత్రం గుర్తుపెట్టుకో. ఈ చేను ఎవరి చేతిదని నీ పిల్లలు అడిగితే గొర్రు తోలింది తాత, విత్తింది లింగమ్మ అని చెప్పు, వాళ్ళ పిల్లలకూ చెప్పమను. ఇసుకతో నేర్పిన ఓబులమ్మ పేరు కూడా చెప్పు. కోపంగానే చెప్పు, ఫరవాలేదు.