రెండు కిలోల మూడు వందల గ్రాముల అర్జీ

ప్రతి పొద్దూ బడికి బయల్దేరే ముందు ప్రశాంతి రెండు చేతిరుమాళ్ళు మడిచి, జాకెట్టు లోపల భుజానికొకటి పెట్టుకునేది. బాడీ పట్టీలు చర్మంలోకి కోసుకుపోకుండా ఆ ఏర్పాటు. తర్వాత పైట రెండు భుజాల మీదుగా కప్పుకుని, హాజరుపట్టీ గుండెకు అదుముకుని, తల కాస్త వంచి బస్సు స్టాపుకి నడిచేది. పదమూడో ఏట అలవాటైన నడక అది. ఇప్పుడామెకు ముప్పై ఒకటి.

చిత్తూరులో ఓ ప్రైవేటు ఆడపిల్లల హైస్కూల్లో ఆమె తెలుగు టీచరు. మొదటి రెండు పీరియడ్లూ బాగానే గడిచేవి. మూడో పీరియడ్‌కి మెడ దగ్గర మొదలైన మంట చేతిలోకి దిగి, వేళ్ళు మొద్దుబారి, చాక్‌పీసు జారి కింద పడేది. ముందు బెంచీలో అమ్మాయి లేచి, తీసి, ఊది, చేతికిచ్చి కూర్చునేది. ఛందస్సు చెప్పే రోజున గురువులూ లఘువులూ పెట్టడం పూర్తయ్యేలోపు నాలుగుసార్లు పడేది. పిల్లలకది పాఠంలో భాగమైపోయింది గానీ హెడ్మిస్ట్రెస్సుకి కాలేదు.

"ఈ పరీక్షలయ్యేదాకా సూస్తా ప్రశాంతీ. బోర్డు మీద రాయలేని టీచర్ని ఎట్ల పెట్టుకునేది, నువ్వే సెప్పు," అందామె. కోపంగా కూడా అనలేదు, అందుకే ప్రశాంతికి మరీ భయం వేసింది.

వేలూరులో చూపించుకుంటే డాక్టరమ్మ ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి చూసింది. రొమ్ముల బరువుకి మెడ వంగిపోయి నరం నలుగుతోందనీ, ఆపరేషన్ చేసి ఆ బరువు తగ్గిస్తే గానీ చేతికి ప్రాణం రాదనీ, ఆలస్యమైతే ఆ తర్వాత తగ్గించినా రాదనీ చెప్పింది. ప్రశాంతి మొగుడు ధనంజయ పాలు చల్లబరిచే కేంద్రంలో సూపర్‌వైజరు. ఆ డెయిరీ ఉద్యోగుల కుటుంబాలన్నిటికీ కలిపి ఒక ఆరోగ్య బీమా ఉంది. బీమావాళ్ళు ముందుగా సరేనంటే ఆపరేషన్ జరుగుతుంది, లేకపోతే లేదు. వాళ్ళకు ఇంకో దారి లేదు.

ఆదివారం నాడు ఏజెంటు మునస్వామి ఫారం పట్టుకుని ఇంటికొచ్చాడు. పేరు, వయసు, ఊరు చకచకా నింపేశాడు. "ఆపరేషన్ ఎందుకు?" అన్న గడి దగ్గర అతని పెన్ను ఆగిపోయింది. వంటింటి తలుపు వెనక ప్రశాంతి చేతిలో కాఫీ గ్లాసులతో నిలబడి ఉంది.

"ఏమని రాద్దామప్పా?" అన్నాడు మునస్వామి.

ధనంజయ పైకప్పు వంక చూశాడు. "అదేనప్పా... డాక్టరమ్మ సెప్పింది కదా."

"ఆయమ్మ సెప్పింది నేనెట్ల రాసేది? మా సెల్లెలు మాదిరి ఆ పాప."

"పోనీ నేను రాస్తా, ఇయ్యి," అని ధనంజయ పెన్ను తీసుకున్నాడు. కాసేపు పట్టుకున్నాడు. మళ్ళీ ఇచ్చేశాడు.

రెండోసారి కాఫీ తాగాక మునస్వామికి తోచింది. 'శరీర సౌష్ఠవం కోసం' అని గుండ్రంగా రాశాడు. ఇద్దరూ పెద్ద గండం గట్టెక్కినవాళ్ళలా ఊపిరి వదిలారు. అది తప్పని ప్రశాంతికి తెలుసు, తెలుగు టీచరుకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. కానీ ఆ మాట నోటితో చెప్పి దిద్దించాలంటే ఆమెకూ సిగ్గే. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పదిహేను రోజులకి జవాబొచ్చింది. అందం కోసం చేయించుకునే చికిత్సలకు ఈ పాలసీ వర్తించదని. డాక్టరమ్మ చీటీ వెనకాల గుచ్చే ఉంది గానీ, మొదటి పేజీలో సౌష్ఠవం అని చదివాక వెనక పేజీ తిప్పే ఓపిక ఎవరికుంటుంది?

సంగతి తెలిసి పలమనేరు నుంచి తిరుమలమ్మవ్వ దిగింది. ప్రశాంతి నాయనకు తల్లి. సంచీలోంచి అలసందలూ గుమ్మడికాయా తీసి నేల మీద పెట్టి, జవాబు కాగితం చదివించుకుని, ఆఖర్న ఒకే మాట అడిగింది.

"ఎవురెవురో రాసినారు. నువ్వు రాసినావా?"

ప్రశాంతి గుమ్మడికాయ తీసి మూలకి జరిపింది.

ఆ ఇంటి ఆడవాళ్ళు తమ మనసులో మాట తమ చేత్తో రాస్తే కాగితం బరువెక్కుతుంది. పలమనేరు చుట్టుపక్కల ఈ సంగతి తెలియని వాళ్ళు లేరు. తిరుమలమ్మవ్వ కొత్తగా కాపురానికొచ్చిన ఏడు పుట్టింటికి ఒక కార్డు రాస్తే, ఎగువ దారిలో పోస్టుమాన్ సైకిలు టైరు పగిలింది. ఇకమీద ఇలాంటివుంటే సంత రోజున ఇవ్వమనీ, ఎద్దులబండి ఉంటుందనీ చెప్పి అతను వెళ్ళిపోయాడు. ఎవరో చెప్పిన పాఠాలూ, సరుకుల చీటీలూ ఎన్ని రాసినా ఏమీ కాదు, అవి ఎప్పటిలా తేలిగ్గానే ఉంటాయి.

ప్రశాంతి ఒక్కసారే అలా రాసింది. ఎనిమిదో తరగతి నోటుపుస్తకం చివరి పేజీలో, తన ఒంటికి ఏమవుతోందో, బస్సులో మనుషులు ఎక్కడ చూసి మాట్లాడుతున్నారో, ఇంక బోర్లా పడుకుని పుస్తకం చదువుకోవడం కుదరడం లేదనీ నాలుగు వాక్యాలు రాసుకుంది. మర్నాడు బడిసంచీ పట్టీ తెగిపోయింది. నాయన చిన్నబ్బ ఇద్దరు కూలీలను పిలిచి, తాడు కట్టి, ఆ పుస్తకాన్ని అటక మీదికి లాగించాడు. దూలం కిర్రుమని కిందికి వంగింది. "ఇట్లాంటివి రాయాకు తల్లీ," అన్నాడు తల నిమురుతూ. ప్రేమగానే అన్నాడు. ఆ తర్వాత ఆమె తన మాట అంటూ ఒక్క ముక్కా రాయలేదు.

"నాకు సిగ్గవ్వా," అంది ఇప్పుడు.

"సిగ్గుపడి పద్దెనిమిదేండ్లు మోసినావు. సాల్లేదా ఇంకా?" అంది అవ్వ, అలసందలు ఒలుస్తూనే.

మధ్యాహ్నం ఎండ గడప దాకా వచ్చిన వేళ ప్రశాంతి నేల మీద కూర్చుని, ఒళ్ళో పలక పెట్టుకుని, దాని మీద తెల్లకాగితం పరిచింది. 'అయ్యా, నా రొమ్ముల బరువు వల్ల' అని మొదలుపెట్టింది. ఆ మాట రాయడానికే పావుగంట పట్టింది. తర్వాతవి వాటంతట అవే వచ్చాయి. భుజాల మీది గాట్ల గురించి, వేసవిలో రొమ్ముల కింద ఒరుసుకుని పుండ్లయ్యే చర్మం గురించి, చాక్‌పీసు తీసిచ్చే పిల్ల గురించి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక కూర్చుని తెల్లవార్చిన రోజుల గురించి రాసింది. 'నాకు అందం వద్దు. నా చెయ్యి నాకు కావాలి' అని ముగించి సంతకం పెట్టింది. వాక్యం వాక్యానికీ పలక తొడల మీద నొక్కుకుంటూ వచ్చింది. సాయంత్రం ధనంజయ ఇంటికొచ్చి కాగితం తీయబోతే చేతికి రాలేదు. నిలబడి, వంగి మొత్తం చదివాడు. చదివాక వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"నాతో ఒక్కనాడన్నా సెప్పలేదే నువ్వు," అన్నాడు.

"నువ్వొక్కనాడన్నా అడిగినావా?" అంది.

మర్నాడు కాగితాన్ని ప్రశాంతే ఎత్తుకోగా ఇద్దరూ పోస్టాఫీసుకి వెళ్ళారు. గుమాస్తా రఘునాథ్ కాగితాన్ని త్రాసు మీద పెట్టించి, కళ్ళజోడు సర్దుకుని ముల్లు చూశాడు.

"ముల్లు సూపేది రెండు కిలోల మూడు వందలే, ఎత్తితే మాత్రం బండరాయి మాదిరుండాది. ఇది కవర్లో పోదు మేడమ్, పార్శిల్ కిందికొస్తాది. గుడ్డలో కుట్టి, లక్క ముద్ర ఎయ్యల్ల."

"కాగితం ఒకటే కద సార్," అన్నాడు ధనంజయ.

"ఎన్నైతే ఏమబ్బా, రూలు రూలే."

ధనంజయ బజారుకు పోయి తెల్లగుడ్డ తెచ్చాడు. పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని, ఆ ఒక్క కాగితం చుట్టూ తనే వంకరటింకరగా సూది కుట్లు వేశాడు.

వారానికి తిరుపతి నుంచి ఫోను వచ్చింది. స్వయంగా వచ్చి కనబడమని.

బీమా ఆఫీసు రెండంతస్తుల పాత భవనం, లిఫ్టు లేదు. కింది గదిలో వేంకటాచలపతి అనే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నుదుట తిరునామం, మెడ చుట్టూ తువ్వాలు, గదంతా అమృతాంజనం వాసన. మూలన ఒక ఇనప బీరువా పక్కకి ఒరిగి ఉంది. కాగితం ముక్కాలిపీట మీద ఒంటరిగా ఉంది.

"కూర్చోండమ్మా," అన్నాడు మెడ తిప్పకుండా. "ముందు దీన్ని కాదనే ట్రేలో వేశాను. ట్రే విరిగింది. బీరువాలో పెడితే ఇదిగో ఇలా అయింది. మా దగ్గరొక పద్ధతి ఉంది. ఎవరు తెరిచిన కాగితాన్ని వాళ్ళే మోసుకెళ్ళి పైన చూపించుకురావాలి. మేనేజరుగారు ఆ వివరం కావాలంటారు, ఈ వివరం కావాలంటారు. నాలుగు రోజులుగా దీన్ని సంచీలో మెడకు తగిలించుకుని ఎక్కుతున్నాను, దిగుతున్నాను. మీరే వచ్చి చెప్పుకుంటే మేలని పిలిపించాను."

అటెండరు చెంగమ్మని పిలిచాడు. ఆమె గుమ్మం దగ్గర్నుంచే, "నా వల్ల గాదు సామీ," అనేసింది. పెద్దాయన నడుం మీద చెయ్యి వేసుకుని, కాగితం వైపు వంగాడు.

"ఇట్లియ్యండి సార్," అంది ప్రశాంతి.

కాగితాన్ని ఒంటిచేత్తో తీసుకుంది. హాజరుపట్టీ పట్టుకున్నట్టే గుండెకు అదుముకుని, తల కాస్త వంచి మెట్లెక్కసాగింది. వేంకటాచలపతి వెనకాలే మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఎక్కుతూ సగం దారిలో ఆగిపోయాడు.

"బరువుగా లేదా అమ్మా?"

"ఉండాది సార్," అంది, వెనక్కి తిరిగి. "అలవాటైపోయినాది."

పెద్దాయన ఆమె భుజాల వైపు చూశాడు. మెడ మీది తువ్వాలు తీశాడు. అక్కడ ఎర్రగా కమిలిన గీత ఉంది. దాన్ని తడుముకుంటూ, "నాకు నాలుగు రోజులు," అన్నాడు, తనలో తను. తర్వాత మెట్టు మీద కూలబడి జేబులోంచి పెన్ను తీశాడు. "అలాగే పట్టుకోండి," అని ఆమె చేతుల్లోని కాగితం మీదే, అంచున రాశాడు. 'ఇది అందం కోసం కాదు. నేను మోసి చూశాను. అనుమతించవలెను.' కింద సంతకం, తేదీ.

పైన మేనేజరు ఆ వాక్యం చదివి, కాగితాన్ని తన వైపు లాక్కోబోయాడు. అది కదల్లేదు. కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అది ఉన్నచోటే సంతకం చేశాడు.

వేలూరులో ఆపరేషన్ మంగళవారం నాడు జరిగింది. పది రోజులకి వేంకటాచలపతి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. 'చిరంజీవి సౌభాగ్యవతి ప్రశాంతికి ఆశీస్సులు. మంగళవారం ఉదయం పదకొండు గంటలప్పుడు ఫ్యాను గాలికి మీ కాగితం ఎగిరి కిటికీ దాకా పోయింది. చెంగమ్మ పట్టుకుంది. ఇప్పుడు దాని మీద గాజు గుండు పెట్టి ఉంచాను. నా మెడ నయం. మీ చెయ్యి ఎలా ఉంది?'

చెయ్యి బాగుంది. బడి తెరిచాక మూడో పీరియడ్‌లో ముందు బెంచీ అమ్మాయి అలవాటు కొద్దీ రెండుసార్లు లేవబోయి, పని లేక కూర్చుంది.

దసరా సెలవులకు పలమనేరు వెళితే, అటక మీంచి పిల్లి తోసేసిన నోటుపుస్తకం చప్పుడు లేకుండా నేల మీద పడి ఉంది. ప్రశాంతి దాన్ని తీసుకుని, చల్లటి నాపరాళ్ళ మీద పడుకుంది. ముందు పక్కకి ఒత్తిగిలింది, తర్వాత భయంభయంగా బోర్లా తిరిగింది. ఏమీ కాలేదు. రాతి చల్లదనం గుండెకు తగిలి ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల రాసుకున్న నాలుగు వాక్యాలూ చదువుకుంది. కింద ఇంకా చోటుంది. పెన్సిలు తీసుకుంది.

గుమ్మం దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో.

"రాసుకో తల్లీ," అన్నాడు చిన్నబ్బ, అటక వైపు చూపిస్తూ. "నువ్వొస్తాండావని తెలిసి దూలం మార్పించినాను. ఎంత బరువైనా ఆపుతాది."

పైన కొత్త టేకు దూలం ఇంకా నూనె వాసన వేస్తోంది. ప్రశాంతి మోచేతులు నేలకు ఆన్చి, రాయడం మొదలుపెట్టింది.