వీపు లేని కోటు

పాపకు లంగా, జాకెట్టు కొనాలి. బాబుకు అదే రంగులో జుబ్బా కొనాలి. సువర్ణకు అంచు తేలికగా ఉన్న చీర, అమ్మకు నూలుచీర, నాకు చొక్కా, నాయనకు చొక్కా కొనాలి. ఈ చివరి రెండూ ఒకటే అయి ఉండాలి. అన్నీ నెమలికంఠం రంగులో ఉండాలి, అన్నీ చూసేవాళ్ళకు ఖరీదైనవిగా కనిపించాలి, అన్నీ కలిపి నా జీతంలో మిగిలినదానికి లోబడాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. నా భార్య సువర్ణ చెప్పిన ఈ మాటలను వల్లె వేసుకుంటూ నేను ఆదోనిలో ఒక పెద్ద బట్టల షాపు మెట్లెక్కుతున్నాను, ఎంత ఎక్కినా పై అంతస్తు రావడం లేదు, అయినా ఆయాసం లేదు, మెట్లు కాళ్ళకింద పత్తి తొక్కినట్టు మెత్తగా దిగుతున్నాయి.

నాయన నాకు కొంచెం ముందు, ముఖం నావైపే పెట్టి ఎక్కుతున్నాడు. ఆయన చనిపోయిన సంగతి నాకు తెలుసు, కానీ బట్టలు కొనడానికి వచ్చిన మనిషిని పట్టుకుని "నువ్వు లేవు కదా" అని ఎలా అంటాం, అది మర్యాద కాదు అనిపిస్తోంది.

ఆయన ఒంటిమీద నల్లకోటు, మెడలో ఎర్ర టై ఉన్నాయి. అవి నేను వేయించినవే. నాయన పోయినప్పుడు పటం కట్టించడానికి మా దగ్గర ఒక్క ఫోటోనే ఉంది, మార్కెట్ యార్డులో పత్తి మూటల పక్కన నిలబడి తీయించుకున్నది, కాలరు చిరిగిన చొక్కా, భుజాన తువ్వాల, జేబు మీద హమాలీలకు ఇచ్చే ఇత్తడి బిళ్ళ. పెద్దదినం కర్మకు మా ఆఫీసువాళ్ళు వస్తారని స్టూడియో అతనితో "కొంచెం నీటుగా చెయ్యండి" అన్నాను. అతను కంప్యూటర్లోంచి ఎవరిదో కోటు తీసి నాయన మెడకింద అతికించాడు. పటం ఇంటికి తెచ్చిన రోజు అమ్మ కళ్ళు చికిలించి చాలాసేపు చూసి "ఎవరప్పా ఈ సారు?" అని అడిగింది. ఇప్పుడు ఆ సారే నా ముందు మెట్లెక్కుతున్నాడు.

మలుపు దగ్గర ఆయన అటు తిరిగాడు, అప్పుడు చూశాను, కోటుకు వీపు లేదు. పటంలో కనిపించినంత మేరకే కోటు ఉంది, ముందువైపు, రొమ్ము వరకు. ఆ కింద పాత పంచె. వెనక ఏమీ లేదు, ఒట్టి వీపు, మెడకింద మూటలు ఒరుసుకుని ఎద్దు మెడ మీద కాడి రాసినట్టు నల్లబడి కాయ కాసిన చర్మం, చెమటకు అంటుకున్న దూదిపోగులు. మెట్ల మీద కిందనుంచి జనం వస్తూనే ఉన్నారు. ఎవరైనా చూస్తారని నేను గబగబా ఎక్కి ఆయన వెనకాలే అంటుకుని, నా ఒంటితో ఆ వీపును కప్పుతూ నడుస్తున్నాను.

"ఏంరా, ఇట్ల అంటుకోని వస్తాండావు?" అన్నాడు నాయన, తిరగకుండానే.

"ఏం లేదు నాయనా, జనం ఎక్కువుండారు."

"చిన్నప్పుడూ ఇంతే. సంతలో నా పంచె చెంగు ఇడిస్తే కద నువ్వు. తప్పిపోతానని భయం నీకి." ఆయన గొంతులో ఎంత సంతోషమంటే నాకు మెట్ల మీదే కూలబడాలనిపించింది. కానీ కూలబడితే వీపు కనిపిస్తుంది.

"చల్లగుందిరా ఈడ."

"ఏసీ నాయనా."

"మా తావున గూడా అంతే, ఎప్పుడూ ఎనకనే చలి. ముందర మాత్రం కోటు బ్రమ్మాండంగా ఉండాది. మీ స్టూడియో ఆయప్ప గట్టోడురా, ఎనకవైపు గుడ్డ మిగిలించుకున్నాడు." నవ్వాడు. మాటలో మాటగా అడిగాడు, "ఇంత కోటేసినావు గదా, నేనేం పని జేస్తాంటినని చెప్పినావు మీ ఆఫీసోళ్ళకి?"

"యార్డులో ఉద్యోగమని చెప్పినా."

"అబద్ధం గాదులే. కుర్చీ ఉండెనా అని అడగలేదా వాళ్ళు?"

"అడగలేదు."

"అడిగింటే కుర్చీ గూడా ఏపిచ్చింటావు, స్టూడియోలో."

జవాబు చెప్పబోయేసరికి మెట్లు అయిపోయాయి, లేదా అవే చదునై తెల్లటి పరుపులుగా మారిపోయాయి. పరుపుల మధ్య సువర్ణ పిల్లలతో కూర్చుని ఉంది, పొద్దున్నుంచీ అక్కడే ఉన్నట్టు, చుట్టూ నెమలికంఠం రంగు గుడ్డలు నీళ్ళలా పొర్లుతున్నాయి. ఆమె తమ్ముడి పెళ్ళి రిసెప్షన్‌కు మా ఇల్లంతా ఒకే రంగులో మెరవాలి, పెద్ద ఖర్చు లేకుండా పెద్దవాళ్ళలా కనిపించాలంటే అదొక్కటే దారి అని ఆమె పదే పదే చెబుతోంది, అందులో తప్పేమీ లేదు, నాకూ అదే కావాలి.

సేల్స్‌మన్ చేతులు జోడించి ఎదురొచ్చాడు. "రండి సార్, కూర్చోండి సార్, ఫ్యాను కింద కూర్చోండి సార్," అని నాయనతోనే అన్నాడు. బతికినంతకాలం ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. ఎవరో సారు వెనక వస్తున్నాడేమోనని నాయన పక్కకు తప్పుకుని వెనక్కి తిరిగి చూశాడు.

వీపు అందరికీ కనిపించింది.

"ఓయ్ పెద్దాయనా!" సేల్స్‌మన్ గొంతు మారిపోయింది. "మూటలు దించేది ఎనక గేటు కాడ. ఈ మెట్లెందుకు ఎక్కినావు?" తర్వాత నావైపు వంగి, నెమ్మదిగా, "సార్, ఈయన మీతో వచ్చినాడా?"

పరుపుల మీద కూర్చున్నవాళ్ళంతా మా ఆఫీసువాళ్ళే. అందరి ఒళ్ళోనూ గుడ్డలున్నాయి, అందరూ నావైపే చూస్తున్నారు. నా నోరు తెరుచుకుంది. మా ఇంట్లో ఎవరూ మాట్లాడని, నేను డిగ్రీలో నేర్చుకున్న శుభ్రమైన తెలుగులో మాట బయటికొచ్చింది. "సంచులు పట్టుకోవడానికి వచ్చాడండీ."

ఎవరూ ఉలిక్కిపడలేదు. నాయన కూడా ఉలిక్కిపడలేదు.

"అవునప్పా," అన్నాడాయన సేల్స్‌మన్‌తో. "అయ్యగారితోనే వచ్చినా. బరువులు నావి." వంగి, మేము కొన్న సంచులన్నీ ఒక్కటొక్కటిగా మెడ వెనక్కి ఎత్తుకున్నాడు, అలవాటైన చోట అవి బుద్ధిగా కుదురుకున్నాయి, వీపంతా కప్పుకుపోయింది. అప్పుడు నావైపు తిరిగి గుసగుసగా అన్నాడు, "ఇంగ కనపడదులే. ఎనకాలొద్దు, పక్కన నడువు."

నేను పక్కన నడుస్తున్నాను. సిగ్గు ముఖంలో కాక నా అరికాళ్ళలో ఉంది, పరుపు మీద అడుగు వేసినచోటల్లా తడి మరక పడుతోంది, సువర్ణ "ఏమండీ, తెల్లపరుపులు" అంటోంది.

"నా చొక్కా యాదిరా?" అని అడిగాడు నాయన.

నా చేతిలోనే ఉంది. నెమలికంఠం రంగు, ఒంటికి అతుక్కునే కోత, నా కొలత. రేపు పెద్దల అమావాస్య. పోయినవాళ్ళ పటం ముందు పీటవేసి, కొత్తబట్టలు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాక ఇంట్లోవాళ్ళు తొడుక్కోవడం మా ఆచారం. ఎలాగూ తొడుక్కునేది నేనే కదా అని ప్రతి ఏడూ నాయన పేరుమీద నా చొక్కా కొంటున్నాను. ఈసారి అదే రిసెప్షన్‌కు కూడా సరిపోతుంది. సువర్ణకు ఈ లెక్క చెప్పినప్పుడు ఎంత తెలివైన పని చేశానని గర్వపడ్డానో ఇప్పుడు చొక్కా చాపుతుంటే గుర్తొస్తోంది.

"పోయినేడాదిది నీలం కద," అన్నాడు నాయన దాన్ని వేళ్ళతో నలిపి చూస్తూ. "అంతకుముందు గళ్ళది. రెండూ భుజం కాడనే ఆగిపోయినాయి. పారేస్తానా, చేతిమీద ఏసుకోని తిరుగుతాండా. పక్కనోళ్ళు అడిగితే, నా కొడుకు చదువుకున్నోడు, ప్యాషన్‌వి తెస్తాడు, ఇవి తొడుక్కునేటివి గావు అని చెప్తాండా."

"నాయనా..."

"తొడిగి సూస్తా ఉండు. ఈసారి కొంచెం సాగేగుడ్డ మాదిరుండాది."

అద్దాల గది తలుపు తెరిస్తే లోపల మా పాత ఇంటి దండెం ఉంది, దండెంమీద ఆయన తువ్వాల ఆరేసి ఉంది. నాయన సంచులు దించి, కోటును పటంలా రెండు చేతుల మధ్య పట్టి గోడకు ఆనించి, చొక్కాలో చేతులు దూర్చాడు. మూటలు మోసిన భుజాలు. కుట్లు చిటపటలాడాయి. ముందువైపు రెండు అంచుల మధ్య జానెడు రొమ్ము మిగిలిపోయింది. ఆయన పొట్ట లోపలికి లాక్కుని, ఒక చేత్తోనే గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు.

"ఇడువు నాయనా, సరిపోదు."

"సరిపోతాదిలేరా. ఊపిరి బిగబడితే సరి. నాకిప్పుడు ఊపిరితో ఏం పని?"

అప్పుడు చూశాను, రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది. షాపులోకి వచ్చినప్పటినుంచీ బిగించే ఉంది. గుండీల చేత్తో ఆయన ఎడమ రొమ్ము తడుముకుంటున్నాడు, పైకీ కిందికీ.

"జేబు యాడరా?"

"ఇప్పటి చొక్కాలకి జేబులుండవు నాయనా. స్టైలు."

"జేబు లేకుంటే దీన్ని యాడ పెట్టుకోవాల?" పిడికిలి విప్పాడు. ఇత్తడి బిళ్ళ, యార్డు ముద్ర ఉన్నది. "కోటుకు పెట్టుకుందామని సూసినా. గుచ్చుకోదు. అది రంగేగాని గుడ్డ గాదు. అప్పట్నుంచి చేతిలోనే పట్టుకోని తిరుగుతాండా, బీడీ ముట్టించుకునేకి గూడా చెయ్యి ఖాళీ లేదు."

"పారేయొచ్చు కదా," అన్నాను. అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు దారి దొరకలేదు.

ఆయనకు కోపం రాలేదు. తెలియని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "బిళ్ళ లేకుంటే గేటుకాడ రానియ్యరు గదరా. నేను ఫలానా అని ఎట్ల తెలుస్తాది వాళ్ళకి?"

"ఆడ గూడా గేటు ఉందా?"

"గేటు లేని తావు యాడుందిరా పిచ్చోడా."

నేను బయటికి పరుగెత్తాను. పెద్ద కొలతది, వదులుది, జేబున్నది ఒక్క చొక్కా, ఏ రంగైనా సరే అని అడుగుతున్నాను. సేల్స్‌మన్ లాగుతున్నాడు, బీరువాల్లోంచి నెమలికంఠం రంగే వస్తోంది, జేబు లేనివే వస్తున్నాయి, లాగేకొద్దీ అవి పత్తిగా విచ్చుకుంటున్నాయి, షాపు పైకప్పు రేకులషెడ్డు అవుతోంది, మూటలు కొండలుగా లేచాయి. "రంగు కలవదండీ," అంటోంది సువర్ణ ఎక్కడినుంచో. పర్సు కోసం నా రొమ్ము తడుముకున్నాను. నాకూ జేబు లేదు.

మూటల సందులోంచి నాయన వస్తున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు. ముఖం నల్లబడి, బుగ్గలు ఉబ్బి, ఊపిరి బిగపట్టి, గుండీ తెగిపోతుందని మాట కూడా మాట్లాడకుండా, బాగుంది బాగుంది అని పిడికిలి ఊపుతున్నాడు, నాకు చూపించడానికి ఒక్కసారి చుట్టూ తిరిగాడు, ఇప్పుడు వీపు కనిపించడం లేదు, చొక్కా కప్పేసింది, దానికే ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను అరుస్తున్నాను. "ఇడువు నాయనా, ఊపిరి ఇడువు!"

ఆ అరుపుకు నాకే మెలకువ వచ్చింది.

తెల్లవారుతోంది. సువర్ణ, పిల్లలు ఇంకా నిద్రలోనే ఉన్నారు. ముందుగదిలో అమ్మ అప్పటికే తలస్నానం చేసి, నాయన పటం కింద పీటవేసి బట్టలు పెట్టి కూర్చుని ఉంది. నన్ను చూసి ఏదో తప్పు చేసినదానిలా కొంగు సర్దుకుంది.

పీటమీద నెమలికంఠం రంగు చొక్కా ఉంది. ఎడమవైపు, జేబు ఉండాల్సిన చోట, పిన్నీసుతో గుచ్చి, చింతపండుతో తోమిన ఇత్తడి బిళ్ళ ఉంది. నాయన పోయాక నేను దాన్ని చూడలేదు. ఎక్కడ దాచిందో నాకు తెలియదు.

"చొక్కాకు జేబే లేదు గదప్పా," అంది అమ్మ. "పటంలో సూస్తే ఎవరో సారు. చొక్కా సూస్తే నీ కొలత. ఇంగ ఆయప్ప వచ్చి సూసుకుంటే ఇది నాదని ఎట్ల తెలుస్తాది? అందుకని పెట్టినా." గొంతు తగ్గించి, "కొత్తగుడ్డకు బెజ్జం పడిందేమో. సువర్ణకు చెప్పొద్దు."

"పడనీలేమ్మా," అన్నాను. పీట ముందు ఆమె పక్కనే కూర్చున్నాను.

వచ్చే ఆదివారం నేను ఆ చొక్కా తొడుక్కుని రిసెప్షన్‌కు వెళ్ళాలి. బిళ్ళతోనే వెళ్ళే ధైర్యం నాకుందో లేదో ఇప్పుడే చెప్పలేను, చెప్తే అదీ స్టూడియో కోటులాంటిదే అవుతుంది. కానీ అక్కడ మీరెవరైనా ఇంటిల్లిపాదీ ఒకే రంగులో మెరుస్తున్న మమ్మల్ని చూస్తే, నా చొక్కా ఎడమవైపు రెండు సన్నని బెజ్జాలు కనిపిస్తాయి. పురుగు తిన్న గుడ్డ అనుకోవద్దు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసిన హమాలీ, మా నాయన మద్దిలేటి బిళ్ళ పెట్టుకున్న చోటు అది. ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి, కోటు లేకుండా.