కిటికీ అవతలి సెల్లు

మా ఊరి హెడ్మాస్టరు సురేందర్ సారు నోరు ఒక్క మాటతో మూయించినవాణ్ణి నేను. పెద్దవూర నుంచి హాలియా దాకా ఎవరినైనా అడగండి.

గొడవంతా సెల్లు గురించే. తండా నుంచి వచ్చే నీల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. ఒకటో తరగతిలో చేరిన నాటి నుంచి పెదవి విప్పలేదు. కరుణ టీచరు తండాకు పోయి, నీల నానమ్మ చెప్పిన కథను సెల్లులో రికార్డు చేసుకొచ్చింది. ముందు వాళ్ల మాటలో వినిపించి, ఆనక తెలుగులో అడుగుతానంది.

సారు ఒప్పుకోలేదు. "సెల్లుతోనే మా ఇంట్ల పిలగాడు పది తప్పిండు మేడం. గదిలకు సెల్లు రావద్దు, అంతే!"

"గదిలకు రాదు సార్."

మర్నాడు ఆ సెల్లు నా చేతిలో ఉంది. మా అరుగు బడి కిటికీకి ఆనుకునే ఉంటుంది మరి.

"తాతా, జర ఊచల కాడ పట్టుకో. లోపలికి పెట్టకు."

"నా చెయ్యి లోపలికి వోతే?"

"చెయ్యి పోవచ్చు, సెల్లు పోవద్దు."

ముసలమ్మ గొంతు మొదలైంది. గోడ మీదికి ఒక కొండెంగ కూడా వచ్చి బుద్ధిగా కూర్చుంది. కథ అయిపోయాక టీచరు అడిగింది: "సేన్ల కంకులు ఎవలు తిన్నరు?"

నీల లేచి నిలబడింది. "కొండెంగ తిన్నది! నానమ్మ ఉరికిచ్చింది!"

అచ్చంగా తెలుగులోనే! టీచరు సంబరపడి ఇంకో కథ పెట్టమంది. పెట్టాను. అంతలోనే సారు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవలదా సెల్లు?"

"నాదే సార్. గదిల లేదు," అంది టీచరు.

"నాతోటి పరాచికాలా? మెమో ఇస్త!"

"ఇయ్యుండ్రి. పొద్దుగాల సెల్లుకు మొఖం సూపిస్తెనే మన హాజరు పడ్తది. మీరు బడికొచ్చిండ్రని సెల్లు చెప్తె ఒప్పుకుంటరు. ఈ పిల్ల ఇయ్యాల బడికొచ్చింది సార్, అది ఒప్పుకోరా? మెమో ఇచ్చినా రేపు కిటికీ మూయను."

సారు కాసేపు నీల వంక చూశాడు. "సప్పుడు తగ్గించుండ్రి. పక్క గదిల లెక్కలు నడుస్తున్నయ్," అని వెళ్లిపోయాడు.

మరి నా ఒక్క మాట ఏదంటారా? అది టీచరుది. అప్పుడు నేను సెల్లును తువ్వాలలో చుట్టి పొట్టకు అదుముకుని దగ్గుతున్నాను. నా కడుపులోంచి ముసలమ్మ రెండో కథ చెబుతూనే ఉంది.

మిగతాదంతా జరిగిందే. గోడ మీది కొండెంగ ఒక్కటే నేను కల్పించి తెచ్చింది. దాని కథ దాన్ని విననియ్యకపోతే బాగుండదనిపించింది.